ఇవాళ్టి నుంచి అమలు

టైలరమ్మ వేళ్లు కత్తెర మీద బిగుసుకోలేదు. ఆఫీసరుగారే ఆమె చేతిమీద తన చెయ్యి వేసి రిబ్బను కత్తిరించారు. నేరాల్లో దెబ్బతిన్నవాళ్లకు పరిహారమిచ్చే కొత్త విభాగంలో చప్పట్లు మోగాయి.

"దొంగ కత్తిపోటుకు కుడిచెయ్యి పడిపోయిన ఈమెను పోలీసు రిపోర్టనీ, సాక్షులనీ మన ఆఫీసు కాళ్లరిగేలా తిప్పింది. ఆమె గోడు విన్నాకే రూల్సు మార్చాం. ఇక ఆస్పత్రి కాగితం ఒక్కటి చాలు!" అన్నారాయన మైకులో.

జనం టీలకు కదిలాక ఆమె ఆయన దగ్గరికొచ్చింది.

"కాగితం తెచ్చాను సార్. ఆపరేషన్ చేస్తే మళ్లీ కత్తెర పట్టొచ్చంటున్నారు డాక్టరుగారు."

ఆయన ముఖం వాడిపోయింది. "కొత్త రూల్సు ఇవాళ్టి నుంచి జరిగే నేరాలకేనమ్మా. మీది పాత కేసు."

"పోనీ, పాత రూల్సు ప్రకారమే ఇప్పించండి."

"వాటిని నిన్ననే రద్దు చేశాం కదమ్మా. మీరు చెప్పబట్టేగా!"

ఆమె కాగితం మడిచేసుకుంది. ఆయనకు నిజంగానే జాలేసింది.

"బాధపడకండి. ఈసారి ఎవడైనా పొడిచాడనుకోండి, తిన్నగా నా దగ్గరికే రండి. వారం తిరక్కుండా డబ్బు మీ చేతిలో పెట్టిస్తాను."

రిబ్బను కత్తెర ఇంకా పళ్లెంలోనే ఉంది. టైలరమ్మ దాన్ని తీసి ఆయన చేతికిచ్చి, తన ఎడమ అరచేతిని బల్లమీద వెల్లకిలా పరిచింది.

"ఎవడి కోసమో ఎదురుచూడ్డం దేనికి సార్? ఆ కాస్త పనీ మీరే కానిచ్చేయండి. ఈ చెయ్యింకా బాగానే ఉంది."