పాత కెర్నెల్ జవాబు

ఆఫీసులో ఆమె ఒక్కతే మిగిలింది. కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్, తనను నడిపే మూల ప్రోగ్రామైన కెర్నెల్‌ను "నీలో ఫలానా సదుపాయం ఉందా?" అని అడిగే పద్ధతి ఆమె రూపొందించిందే. తెల్లారితే అది అందరికీ వెళ్ళిపోతుంది. జవాబుకు రెండే మాటలు పెట్టింది: ఉంది, లేదు. ఆ ప్రశ్నే తెలియని పాత కెర్నెల్ నుంచి మాత్రం ఏ జవాబూ రాకూడదు.

చివరి పరీక్షగా పాత కెర్నెల్‌నూ అడిగి చూసింది. "లేదు" అని వచ్చింది.

అదే జట్టులో పనిచేసే తమ్ముడికి ఫోన్ చేసింది. "పాతదాంట్లో జవాబు చెప్పే కోడ్ ఏమైనా పెట్టావురా?"

"నేనేం పెట్టలేదక్కా. లేదనడానికైనా అక్కడ ఎవరో ఒకరుండాలిగా!" అని నవ్వి పెట్టేశాడు.

ఆ మాటే ఆలోచిస్తూ ఆమె కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. కాసేపటికి నెమ్మదిగా, పైకే అడిగింది.

"ఎవరైనా ఉన్నారా?"

తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

"లేరు."