మామగారి చేతి బెజ్జం

"ఇదీ పనికిరాదు" అన్నాడు మామగారు.

మూడో మిషన్ అది. అల్లుడికి ఒళ్లు మండిపోయింది. దుకాణంవాడి ముందు బయటపడలేక పళ్లు నూరుకున్నాడు.

బడికి నూట ఇరవై తలుపులు చేసివ్వాలి. నెలే గడువు. ప్రతి తలుపు చట్రానికీ అడ్డకర్ర దూరే చదరపు బెజ్జాలు ఎనిమిదేసి. అవి తొలిచే మిషన్ ఇవాళ కొనకపోతే ఆ పని ఇంకో వడ్రంగి ఎగరేసుకుపోతాడు. తన కార్ఖానాకి తాళమే.

ఇన్నాళ్లూ బెజ్జాలన్నీ మామగారివే. ఆయన చేతికి తిరుగులేదు. కాకపోతే ఆయనకో తిక్క. తన ఇంటి వెనక షెడ్డులో, తెల్లవారుజామునే, తలుపేసుకుని తొలుస్తాడు. పక్కన పురుగు కూడా ఉండకూడదు. ఆ వేళకి వంట చేసిపెట్టడానికి వెళ్లే కన్నకూతురిక్కూడా లోపలికి ప్రవేశం లేదట!

అలాంటి మనిషిని మిషన్ ఎంచమని తీసుకురావడం తనదే బుద్ధితక్కువ. సవతిని తెమ్మంటే ఎవరు మాత్రం మంచిదాన్ని తెస్తారు?

అల్లుడు సంచిలోంచి నమూనా చెక్క తీశాడు. నిన్న మామగారి షెడ్డు నుంచి వచ్చిందే.

"దీనికి సాటి రావాలి, అంతేగా మామయ్యా? వచ్చిందిగా!"

"మూలలు చూడు. పీచు లేచింది."

"ఉలితో రెండు గీకులు గీకితే పోతుంది."

"ఆ గీకేదెవరు?" మామగారి గొంతు లేచింది. "మళ్లీ ఉలి పట్టాల్సొస్తే ఇక మిషనెందుకయ్యా?"

దుకాణంవాడు గొడవెందుకని టీ తెప్పించాడు. మామగారు వద్దన్నాడు. వచ్చినప్పట్నుంచీ జేబుల్లోంచి చేతులే తియ్యలేదు.

మూలనున్న బరువైన మిషన్ని ఆఖరుగా తిప్పి చూపించారు. పిడి కిందికి లాగగానే చదరపు ఉలి కర్రలోకి దిగింది.

"నువ్వే వేలు పెట్టి చూడు అల్లుడూ. అడుగుదాకా."

"నున్నగా ఉంది."

"మూలలు?"

"నాలుగూ మూలమట్టానికి సరిపోయాయి."

"ఇంకోటి కొట్టించు. గట్టి కర్ర మీద."

ఆరు కొట్టించాడు. ఆరో బెజ్జం చూసేసరికి మామగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అల్లుడి కోపం చప్పున చల్లారింది. నలభై ఏళ్ల పేరు ఇనప ముక్క ముందు ఓడిపోతుంటే ఎవరికైనా కడుపు తరుక్కుపోదూ, పాపం!

"మామయ్యా, మీ చేతి పని మీ చేతి పనే. ఖరీదైన తలుపులకి మిమ్మల్నే అడుగుతాను."

"వద్దు!" మామగారు అరిచినంత పని చేశాడు. "ఒక్కటి కూడా వద్దు. అన్నీ దీంతోనే కానివ్వు."

అలిగాడనుకున్నాడు అల్లుడు. అక్కడికక్కడే డబ్బు కట్టేశాడు.

మిషన్ని కార్ఖానాలో దింపించి ఇద్దరూ ఇంటికొచ్చేసరికి భార్య వేడినీళ్ల గిన్నెలో కుడి మణికట్టు ముంచుకుని కూర్చుంది. ఈమధ్య రోజూ ఇంతే. ఏమంటే, అంట్లు తోమీ తోమీ అంటుంది. మామగారు ముందు లోపలికి వెళ్లి కూతురి పక్కన కూలబడ్డాడు. అల్లుడు గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే ఆయన మాట సన్నగా వినపడింది.

"దొరికిందే తల్లీ, రెండేళ్లు నా బదులు ఉలి పట్టింది చాలు, రేపట్నుంచి తెల్లారేదాకా పడుకో."