గంజిలో గుడ్డు

"మళ్ళీ గుడ్డు కలిపినావా అమ్మా?" యోగేశ్వరి తన కొడుకు ముందున్న గంజి గిన్నె లాక్కుంది. సగం ఉడికిన గుడ్డు సొన గంజిలో పచ్చగా తేలుతోంది. ఏడాదిన్నర పిల్లాడు మూతి బిగించి, మొహం పక్కకు తిప్పుకుని ఉన్నాడు.

"గుంటడికి ఎముకలు తేలిపోనాయి. ఒక్క సెంచాడు తింటే ఏటవుతాది?" అంది నూకమ్మ.

"ఎన్నిసార్లు సెప్పాలి అమ్మా! గుడ్డూ, చేపా, పప్పూ అరిగితే అమ్మోనియా అనే విషం పుడతాది. దాన్ని యూరియాగా మార్చి బయటికి పంపే ఎంజైమ్ వీడి లివర్లో సరిగ్గా లేదు. ఆ విషం మెదడుకెక్కే కదా మొన్న తెలివి తప్పినాడు! సుంగై పెటాని పట్నంలో ఆసుపత్రి డాక్టరు కొలిచి ఇమ్మన్నదే ఇవ్వాలి."

"డాక్టర్లకేటి తెలుసు? బలం లేకే పడిపోనాడు."

యోగేశ్వరికి ఒళ్ళు మండిపోయింది. గిన్నెను తల్లి ముందుకు తోసింది. "అంత బలమైతే నువ్వే తిను!"

నూకమ్మ కొంగుతో ముక్కు మూసుకుంది. "నాకు పడదని తెలీదా? చిన్నప్పటినుంచీ గుడ్డు గానీ చేప గానీ తింటే తల తిరిగి వాంతులే. అందరూ నన్ను భక్తురాలన్నారు. నేను కాదనలేదు."

యోగేశ్వరికి డాక్టరు ప్రశ్న గుర్తొచ్చింది. మీ పుట్టింట్లో ఇలాంటివి పడనివాళ్ళున్నారా అని డాక్టరు అడిగితే, ఎవరూ లేరని చెప్పి వచ్చింది.

నూకమ్మ మనవడి బిగించిన మూతి వైపు చూసింది.

"ఏటే, వాడికీ నాలాగే తల తిరిగేదా? మొహం తిప్పుకుంటే గారమనుకున్నాను. ముక్కు మూసి మింగించినాను."