ఇసక తొట్టికి చోటు

"ఈడ వద్దు" అంది ఓబులమ్మ.

చౌడేశ్వరి చేతిలో ఇసక తొట్టి అట్లాగే ఉండిపోయింది. పొద్దున కన్నడ సరిహద్దులోని గుమ్మఘట్ట నుంచి బస్సులో, సంచిలో తల బయటపెట్టుకుని వచ్చిన పిల్లి వంటింటి గడప మీద కూర్చుని అత్తాకోడళ్ళను మార్చి మార్చి చూస్తోంది.

"ఎందుకత్తా? పొయ్యికి ఇంత దూరముండాది కదా."

"అన్నం తినే చోట పిల్లి దొడ్డికి పోయేదేంది? తీయ్."

"పోనీ, స్నానాల గదిలో పెడతా."

"తడి తగిలితే ఇసకంతా బురదైతాది. వారానికొక తూరి వచ్చే నీళ్ళు. కడిగేదానికి యాడ తెస్తావు?"

"వాకిట్లో?"

"వీధి కుక్కలకు పిల్లిని పళ్ళెంలో పెట్టి ఇచ్చినట్టుంటాది."

"సరే, మా మంచం కింద పెట్టుకుంటా. నేనే ఎత్తి పోసుకుంటా."

"ఆ వాసనకు నీకు దగ్గు పట్టుకుంటే ఎవరు చూస్తారు? నీ మొగుడు సోమవారం బెంగుళూరు రైలెక్కతాండాడు."

చౌడేశ్వరి ముందరి పడసాల వైపు చూసింది. అక్కడ వీరేష్ చొక్కాలు మడిచి పెట్టెలో సర్దుకుంటున్నాడు. ఏదో అపార్ట్‌మెంటు దగ్గర కాపలా ఉద్యోగం. రెండు నెలల కింద చీరల అంగడాయన పదిమంది ముందర వీరేష్ నేసిన చీర పరిచి, అంచు వంకర పోయిందని అతని ముఖాన్నే అన్నాడు. ఆ రోజు మగ్గం మీద కప్పిన దుప్పటి ఇంతవరకూ తీయలేదు. పోవద్దని చౌడేశ్వరి బతిమాలింది, ఏడ్చింది, రెండు పూటలు అన్నం మానేసింది. మగ్గం మాట ఎత్తితే చాలు, అతను లేచి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. అత్త మాత్రం కొడుకును ఒక్క మాటా అనలేదు. అందుకే అత్త మీద ఆమెకు లోలోపల కోపంగా ఉంది.

"ఏమ్మా, కన్నడం పిల్లికి చోటు దొరకలేదా?" అన్నాడు వీరేష్ పడసాలలోంచే. "నాతోపాటు తోలండి. బెంగుళూరులో దాని భాషోళ్ళు శానామంది ఉండారు."

ఓబులమ్మ నవ్వలేదు.

"చోటు లేకేమిరా, ఉండాది" అంది. "ఆ మగ్గం గుంతలో పెడదాం."

చౌడేశ్వరి తొట్టిని రొమ్ముకు అదుముకుంది. ఈ ఇంట్లో రెండు తరాలవాళ్ళు ఆ గుంతలోకి కాళ్ళు వదిలి కూర్చునే నేశారు. చెప్పులతో ఎవరూ దాని దగ్గరికి కూడా పోరు. దిగేముందు మగ్గాన్ని తాకి కళ్ళకద్దుకుంటారు.

"అత్తా, దాంట్లో ఎట్లా..."

"ఏమైతాది? ఎవరు దిగుతాండారు దాంట్లోకి? చల్లగుంటాది, పిల్లి వదిలిపెట్టి పోదు. పైన దుప్పటి కూడా ఉండాది. వాసన రాదు."

అంటూనే కోడలి చేతిలోని తొట్టి లాక్కుని, పడసాల మూలనున్న మగ్గం దగ్గరికి నడిచి, దుప్పటి అంచు పైకెత్తింది.

"అమ్మా."

వీరేష్ చేతిలో చొక్కా అట్లాగే ఉంది.

"నాయన తవ్విన గుంత అది."

"అవును. అంతా రాయి. గడ్డపారతో మూడు దినాలు తవ్వినాడు. ఆయప్ప పోయినాడు, నువ్వు పోతాండావు. ఇంగ మిగిలింది ఈ పిల్లే కదా. వాడుకోనీ."

వీరేష్ లేచి వచ్చాడు. తల్లి చేతిలోంచి తొట్టి లాగేసుకున్నాడు. సగం ఇసక నేల మీద ఒలికింది. తొట్టిని తీసుకుపోయి వాకిట్లో దబ్బున పెట్టి, వచ్చినంత వేగంగా దుప్పటి పట్టుకుని లాగాడు. దుమ్ము లేచింది. దాని కింద చిలకపచ్చ చీర సగంలో ఆగిపోయి ఉంది.

అతను వంగి చీర అంచు తడిమి చూశాడు. భుజం మీది టవలుతో దుమ్ము తుడిచాడు. మగ్గాన్ని తాకి కళ్ళకద్దుకుని, గుంతలోకి దిగాడు.

"ఎవరన్నా దీంట్లో ఏమన్నా పెడితే ఊరుకోను, చెప్తాండా" అన్నాడు ఎవరి ముఖమూ చూడకుండా.

తెగిన పోగు ఒకటి కనబడింది. ముడివేశాడు. పక్కన ఇంకొకటి. అదీ వేశాడు. పిల్లి వచ్చి గుంత ఒడ్డున కూర్చుంటే మోచేత్తో మెల్లగా పక్కకు జరిపాడు. చౌడేశ్వరి గోడకు ఆనుకుని, ఊపిరి తీసుకుంటే ఆ పని ఎక్కడ ఆగిపోతుందో అన్నట్టు నిలబడింది. చాలాసేపటికి మగ్గం ఒకసారి టక్కుమంది. తర్వాత ఇంకోసారి. ఆ తర్వాత ఆగలేదు.

"ఏమ్మే" అన్నాడు తల ఎత్తకుండానే. "కాపలా పని ఇప్పిస్తానన్న ఆ బెంగుళూరాయనకు ఫోన్ చెయ్యి. ఈ చీర మగ్గం దిగేదాకా నేను రాలేనని చెప్పు."

చౌడేశ్వరి కళ్ళు తుడుచుకుంటూ వాకిట్లోకి వచ్చింది. వెనకే ఓబులమ్మ వచ్చి తొట్టి చేతికి తీసుకుంది.

"అంతా బాగానే ఉండాది గానీ" అంది చౌడేశ్వరి. "పిల్లి సంగతేమిటత్తా? ఇంగ దానికి చోటు యాడుండాది?"

ఓబులమ్మ మిద్దె మెట్ల కింది గూటికి అడ్డంగా ఉన్న రేకు పక్కకు జరిపింది. గ్యాసు వచ్చి ఇన్నేళ్ళయినా ఆమె ఎవరినీ ముట్టనీయని కట్టెల మోపులు ఒక్కటీ అక్కడ లేవు. గూడంతా ఊడ్చి, అలికి ఉంది. కుక్కలు దూరకుండా చుట్టూ ఇటుకలు పేర్చి, నడుమ తొట్టి పట్టేంత చోటు వదిలి ఉంది.

"పిల్లి వస్తాండాదని తెలిసి నిన్ననే సర్ది పెట్టినా" అంది ఓబులమ్మ గొంతు తగ్గించి. "నువ్వు యాడ ఈ చోటు అడుగుతావో అని పొద్దున్నుంచి భయపడి చస్తాండా."