ముసుగు రౌతు కుంటినడక

"రేపు పొద్దున ఆపరేషన్ పెట్టుకుని ఇప్పుడు వద్దంటావేంటి? నీ మోకాలా, అద్దెకిచ్చిన ఇల్లా అది?" ఆసుపత్రి వరండాలోనే భార్య గయ్యిమంది.

"మెల్లగా మాట్లాడవే. డైరెక్టర్‌గారు ఫోన్ చేశారు. రెండో భాగం తీస్తారట. ఆ కాలు అలాగే ఉంచమన్నారు" అన్నాడు ఫైటర్, బల్ల మీంచి లేవకుండానే.

అతను ఓ వీడియో గేమ్‌లో రౌతు. రహస్య దళానికి ఊడిగం చేసే ముసుగు రౌతు. ఒంటినిండా తెల్లచుక్కలు అంటించుకుని కెమెరాల ముందు అతనెలా కదిలితే, తెరమీద బొమ్మ అలా కదిలేది. కోటగోడ దూకే సీన్లో మోకాలు చితికింది. ఆ కుంటుడుతోనే మిగతాదంతా నడిపించారు. జనానికి ఆ నడకే తెగ నచ్చింది.

"ఆ రౌతు మొహం నీది కాదు, గొంతు నీది కాదు. కుంటుడొక్కటే నీది. అదీ వాళ్లకే ధారపోస్తావా?"

"అదొక్కటే నాదనే కదే పిలుస్తున్నారు! కాలు బాగైతే నాలాంటి ఫైటర్లు వీధికి పదిమంది."

లోపల్నుంచి వచ్చిన డాక్టర్ మొహమాటపడలేదు.

"ఇప్పుడు చేయించుకోకపోతే తర్వాత నేను కాదు కదా, నాకు చదువు చెప్పినవాడు దిగొచ్చినా ఆ కాలు మడతపడదు."

"ఈ ఒక్క షూటింగ్, డాక్టర్‌గారూ" అని దణ్ణం పెట్టి, భార్య భుజం పట్టుకుని మెట్లు దిగాడతను.

షూటింగ్ ఇదిగో అదిగో అని ఎదురుచూస్తుండగానే చలికాలం దాటిపోయింది. మోకాలు కొయ్యలా బిగుసుకుంది. భార్య వేడినీళ్ల కాపడం పెట్టేది. మళ్లీ చూపించుకుంటే డాక్టర్ తల అడ్డంగా ఊపాడు. ఇక చేసేదేమీ లేదన్నాడు.

స్టూడియో నుంచి కబురు రాలేదు. షూటింగ్ మొదలైందని ఎవరో చెబితే తనే వెళ్లాడు.

"అరె, నువ్వా! కూర్చో, కూర్చో" అన్నాడు డైరెక్టర్.

"కూర్చోవడం దేనికి సార్, నడిచి చూపిస్తాను. అప్పటికంటే బాగా కుదిరింది."

గది ఆ చివర నుంచి ఈ చివరకు కాలీడ్చుకుంటూ నడిచాడు. డైరెక్టర్ కళ్లు దించుకున్నాడు.

"నీకెవరూ చెప్పలేదా? ఆడేవాళ్లందరికీ ఆ రౌతు మీద జాలి పొంగుకొచ్చిందయ్యా. పాపం, అతని కాలు బాగుచేయండని ఒకటే పోరు. అందుకే మొదటి సీన్లోనే దళం వైద్యుడు నయం చేసేస్తాడు. ఇప్పుడు మాకు పరుగెత్తేవాడు కావాలి!"