మొదటి ఫైలు

వసూలు మనిషి వచ్చేసరికి ఇనుప సామాన్ల కొట్టు యజమాని మేకులు తూస్తున్నాడు. తలెత్తి చూశాడు. గుప్పిట్లో మేకులు గుప్పిట్లోనే ఉండిపోయాయి.

రోడ్డుకి అవతల మోటారు సైకిల్ మీద సూపర్‌వైజర్ కూర్చుని ఉన్నాడు. కొత్తగా చేరినవాడి మొదటి వసూలు దగ్గరుండి చూడడం ఆ కంపెనీ పద్ధతి. మొదటి ఫైలు కూడా వాళ్లే ఏరి ఇస్తారు. ఇంటి గుట్టు తెలిసినవాణ్ణి పంపితే సగం పని అయిపోయినట్టే వాళ్లకి లెక్క.

ఇతనికి గుట్టంతా తెలుసు. గల్లాపెట్టెలో చిల్లరే ఉంటుందనీ, అసలు డబ్బు పెయింటు డబ్బాల వెనక ఉంటుందనీ కూడా. అటు చూడకుండా కాగితం తీశాడు.

కొడుకు చదువుకి తీసుకున్న అప్పు. తండ్రి హామీ. నాలుగేళ్ల ఫీజు, పైన మూడేళ్ల వడ్డీ. కొట్టు అమ్మితే సరిగ్గా సరిపోతుంది.

ప్రశ్నలు కాగితంలో ఉన్నట్టే అడగాలి. అడిగాడు.

"అప్పు తీసుకున్న వ్యక్తి ఇప్పుడేం చేస్తున్నాడు?"

"పరువైన కంపెనీలో చేరానని వాళ్లమ్మకి చెప్పాడు. అంత పోసి ఆ చదువు కొనడం నష్టం బేరమని నేనప్పుడే అన్నాను. మేకులమ్ముకునేవాడికి చదువు విలువేం తెలుసన్నాడు."

వసూలు మనిషి కాగితం తిప్పాడు. వారంలో మొత్తం కట్టాలని, లేదంటే ఇవాళే కొట్టు అప్పగింత కాగితం మీద సంతకం పెట్టాలని చదివాడు. యజమాని మూడు నెలల గడువు అడిగాడు. కుదరదన్నాడు.

లోపలి గుమ్మంలో యజమాని భార్య మంచినీళ్ల గ్లాసుతో నిలబడింది. ఇవ్వడానికి ముందుకు రాలేదు.

"నీకు జీతం ఎంతిస్తారు?" అన్నాడు యజమాని.

చెప్పాడు.

యజమాని నోటిలెక్క కట్టాడు. "ఒక్క పైసా ముట్టకుండా పోగేస్తే ఈ అప్పుకి పదకొండేళ్లు. ఈ పనికి చదువెందుకు?"

"చదువుకున్నవాళ్లనే తీసుకుంటారు."

అవతల హారన్ మోగింది.

"సంతకం పెట్టకపోతే?"

"చేరి రెండు రోజులే అయింది. నా ఉద్యోగం పోతుంది."

యజమాని మేకులు త్రాసులో పోసి, చెయ్యి చొక్కాకి తుడుచుకుని, హామీదారు గడిలో సంతకం పెట్టాడు.

కింద 'అప్పు తీసుకున్నవారు', 'వసూలు చేసినవారు' అని ఇంకో రెండు గళ్లున్నాయి. వసూలు మనిషి రెండింటిలోనూ తన సంతకమే పెట్టాడు.