చెరో కొస

వ్యాను బడి ముందు ఆగింది. వెనక సీట్లో భార్య ఆ కిటికీ వైపు, భర్త ఈ కిటికీ వైపు. మధ్యలో ఆమె బట్టల సంచి. సాయంత్రం బస్సుకు పుట్టింటికి వెళ్ళిపోతోంది. మళ్ళీ ఎప్పుడొస్తుందో చెప్పలేదు.

గొడవ చాలా చిన్నది. ఆమధ్య వ్యాను ఎత్తు మీద మొరాయించింది. ఆమె తమ్ముడు స్టీరింగు పట్టుకున్నాడు. మొగుడూపెళ్ళాలు వెనకనుంచి తోశారు. పైకి చేరాక భర్త చెమట తుడుచుకుంటూ, “తోసింది నేనొక్కణ్ణే. నువ్వు ఊరికే చేతులు ఆనించి తోస్తున్నట్టు నటించావు” అన్నాడు.

అంతే. అప్పట్నుంచీ మాటల్లేవు.

ముగ్గురూ బడిబడికీ తిరిగి పిల్లలకు చలన సూత్రాలు ఆడి చూపిస్తారు. ఆటలో నోరు విప్పేది ఎప్పుడూ తమ్ముడే కాబట్టి ఈ మౌనవ్రతం సంగతి బయటివాళ్ళకు తెలియలేదు. తమ్ముడికి మాత్రం నిద్ర కరువైంది. అక్క వెళ్ళిపోతే ఆటలో తాడు రెండో కొస పట్టుకునేదెవరు? ఈ ఇల్లు నిలిచేదెలా?

ఇంజన్ ఆపి వెనక్కి తిరిగాడు.

“ఇద్దరూ వినండి. తాడు లాగే ఆటలో రోజూ బావే గెలుస్తాడు. ఇవాళ ఆ ఒప్పందం లేదు. ఎవరు ముందు గీత దాటితే వాళ్ళు ఓడినట్టు. ఓడినవాళ్ళు ‘తప్పు నాదే’ అనాలి. సరేనా?”

“మాట తప్పొద్దని మీ బావకు చెప్పు” అంది ఆమె, తన కిటికీతో.

“తర్వాత ఏడవొద్దని మీ అక్కకు చెప్పు” అన్నాడు భర్త, తన కిటికీతో.

హాలు నిండా పిల్లలు. నేల మీద సుద్దగీత. ఇద్దరూ బూట్లు విప్పి ఎదురెదురుగా నిలబడ్డారు. తమ్ముడు ఉస్సురంటూ భుజం దించి, చెరో కొస చేతికిచ్చి, మైకు అందుకున్నాడు.

“పిల్లలూ! మూడో సూత్రం ఏమంటుంది? అక్క ఎంత బలంతో బావను లాగితే, బావ కూడా అక్కను సరిగ్గా అంతే బలంతో లాగుతాడు. మరి గెలిచేదెవరు? కాళ్ళతో నేలను గట్టిగా తన్నిపెట్టినవాళ్ళు! వాళ్ళు వెనక్కి పోతే ఎదుటివాళ్ళు ముందుకు రావాల్సిందే. కానివ్వండి!”

ఇద్దరూ వెనక్కి వాలారు. భర్త మెడ నరాలు ఉబ్బాయి. భార్య పళ్ళు బిగించింది. “లాగు! లాగు!” అని హాలు దద్దరిల్లింది. అరిచి అరిచి పిల్లల గొంతులు బొంగురుపోయాయి గానీ, వీళ్ళు మాత్రం అంగుళం కదల్లేదు. మొండిఘటాలు! బయటి బలం తగలకపోతే కదలనిది కదలకుండానే ఉంటుందన్న మొదటి సూత్రాన్ని ఇలాంటి జంటను చూసే కనిపెట్టి ఉంటారని తమ్ముడికి అనిపించింది.

అప్పుడు భర్త చూపు ఆమె పాదం మీద పడింది. బొటనవేలికి కట్టు. గోరు ఊడిపోయినట్టుంది. ఎత్తు మీద వ్యాను తోస్తున్నప్పుడు ఆమె “అబ్బా” అనడం, తను పట్టించుకోకపోవడం గుర్తొచ్చాయి. ఊరికే చేతులు ఆనించినవాళ్ళకు గోళ్ళు ఊడవు.

అతని కాలు సర్రున జారింది. గీత వైపు ఒక అడుగు.

ఆమె తలెత్తి చూసింది. అతని కళ్ళల్లో నీళ్ళు. మరుక్షణం ఆమె కాలూ జారింది, గీత వైపే.

“ఆగండాగండి!” తమ్ముడు మైకులో గోలపెట్టాడు. “ఒకరు ముందుకొస్తే ఒకరు వెనక్కి పోవాలి! ఇద్దరూ ముందుకే వస్తే ఎలా? బావా, పిల్లలు చూస్తున్నారు, సైన్సు పాడైపోతోంది!”

సైన్సును ఎవరూ లెక్కచేయలేదు. అతను ఇంకో అడుగు జారాడు. ఆమె పోటీపడి జారింది. ఇద్దరూ ఒక్కసారే గీత మీదికి వచ్చారు. తలలు ఠంగుమన్నాయి.

“తప్పు నాదే” అన్నాడు నుదురు రుద్దుకుంటూ.

“కాదు, నాదే.”

“నాదంటే వినవేం? నువ్వు నిజంగానే తోశావు!”

“మీరు ఇంకా ఎక్కువ తోశారు!”

పిల్లలు విరగబడి నవ్వారు. ముందు బెంచీలోని పిల్ల లేచి నిలబడి, “ఇంతకీ ఎవరు గెలిచారండీ?” అని అడిగింది.

తమ్ముడు నవ్వాడు. వ్యానులోని సంచి ఇక ఏ బస్సూ ఎక్కదని అతనికి తెలిసిపోయింది. కళ్ళు తుడుచుకుని, రోజూలాగే అభినయిస్తూ వంగి, ఆ ఆటలో మొదట్నుంచీ లేనే లేని తాడును జాగ్రత్తగా చుట్టచుట్టి, ఖాళీ భుజానికి తగిలించుకున్నాడు.